కుండీలోని జెముడు

పాఠశాల పరీక్షలలో తరచుగా కనబడు ప్రశ్న యొకటి కలదు: ఎడారి మొక్కలు నీటి యెద్దడిని ఎట్లు తట్టుకొనుచున్నవి? విద్యార్థి కలము తడబడదు. ఆకులు ముళ్లుగా మారినవి, కాండము కండపట్టి నీటిని నిలువచేయును, పైపొర మైనము పూసినట్లుండి తేమను బయటికి పోనీయదు అని వ్రాయును, మార్కులు తెచ్చుకొనును. ఆ సాయంకాలమే యిల్లు చేరి, కిటికీలో నున్న చిన్న కాక్టస్ కుండీలో చెంబెడు నీళ్లు పోయును. నిన్న పోసినవాడును వాడే. రేపు పోయబోవువాడును వాడే.

పత్రముపై వ్రాసిన చేతికిని, చెంబు పట్టిన చేతికిని పరిచయము లేదు. మొక్క ఖరీదు స్వల్పము. అది చచ్చినంత మాత్రమున ఎవరికిని పెద్ద నష్టము లేదనవచ్చును. కాని చదివినది చేతికి దిగకపోవుట ఒక్క జెముడు కుండీతో ఆగు జబ్బు కాదు. కావున ఇంత చిన్న మొక్కను గూర్చి కొంత విస్తరించి ముచ్చటించుట అవసరమగుచున్నది.

సిద్దిపేట పట్టణములో ఈ మొక్క ఇప్పుడు వింత వస్తువు కాదు. గాజుగ్లాసంత కుండీలో, రంగు గులకరాళ్ల నడుమ, బొటనవ్రేలంత కాక్టస్ పుట్టినరోజు కానుకగా వచ్చును. ఉపాధ్యాయ దినోత్సవమునాడు పంతులమ్మగారి బల్లమీదికి వచ్చును. హైదరాబాదులో చదువుకొను కొడుకు సెలవులకు వచ్చుచు చేత పట్టుకొని వచ్చును. అమ్మువాడు ఒక్క మాట చెప్పును: "దీనికేం చేసే పని లేదు సార్, అదే బతుకుతది." ఆ మాటను నమ్మినవారు మొక్కను మరచిపోవుదురు. నమ్మనివారు దినదినము నీళ్లు పోయుదురు. ఈ రెండవ తెగవారి చేతిలోనే అది ముందుగా చచ్చును.

ఇందుకు ఇంటివారిని తప్పుపట్టుటకు ముందు ఆ ప్రాంతపు స్వభావమును తలచుకొనవలెను. 2016 అక్టోబరు 11న ప్రత్యేక జిల్లా యగువరకు సిద్దిపేట మెదకు జిల్లాలోనిది. పెద్ద నది యేదియు పట్టణము ప్రక్కన పారదు. చెరువులు, బావులు, తరువాత బోర్లు, వీనితోనే తరములు గడచినవి. కోమటిచెరువు నిండిన యేడు వేరు, నిండని యేడు వేరు. బోరింగుల వద్ద బిందెలు వరుసపెట్టి నిలిచిన స్త్రీలు నేటికిని నడివయస్సులోనే యున్నారు. ఇంటింటికి కుళాయినీరు చేర్చుటకు తలపెట్టిన మిషన్ భగీరథ 2016 ఆగస్టు 7న ప్రారంభమైనది నేడు ఈ జిల్లాలోనున్న గజ్వేలు దాపున, కోమటిబండలో. అంతటి కరవును చూచిన చేయి, ఎదుట నొక ప్రాణి వాడి కనబడినచో ముందుగా ఏమిచ్చును? నీళ్లే యిచ్చును. ఎండనబడి వచ్చినవానికి మంచినీళ్లిచ్చి ఆ తరువాతనే మాట లడుగు సంస్కారమది. జెముడు ఆ సంస్కారమునకు చిక్కి చచ్చుచున్నది.

అట్టి యింటి నొకదానిని ఊహించుకొనవచ్చును. కొడుకు ఇంటరు చదువునకు హైదరాబాదు పోవుచు కిటికీలోని కుండీని తల్లికి అప్పగించెను. దసరా సెలవులకు తిరిగి వచ్చునప్పటికి మొక్క మొదట పసుపుబారి, ఒడలెల్ల ముడుతలుపడి, ఒక ప్రక్కకు ఒరిగియున్నది.

"ఏమైందమ్మా దీనికి?"

"ఏమో బిడ్డా, రోజు పోస్తనే ఉన్న. నీళ్లు సాల్తలేవేమో అని ఇప్పుడు పొద్దుమాపు పోస్తున్న."

ఆ తల్లి అబద్ధమాడలేదు, అశ్రద్ధ చేయలేదు. కొడుకు లేని యింట ఆ కుండీకి ఆమె చేసిన సేవ కొడుకునకు చేసినట్టిదే. చిక్కంతయు ఇచ్చటనే కలదు. వేళ్లు నీటిని త్రాగుటయే కాదు, గాలిని పీల్చును. మట్టిరేణువుల నడిమి సందులలో గాలి యుండును. దినదినము నీరు పోసినచో ఆ సందులన్నియు నీటితో నిండి గాలి తొలగిపోవును. సన్నని వేళ్లు ఊపిరాడక చచ్చును. చచ్చిన వేళ్లపై శిలీంధ్రములు చేరి కుళ్లును పైకి ప్రాకించును. వేళ్లు లేని మొక్కకు కుండీ నిండ నీరున్నను ఒక్క చుక్క లోనికి పోదు. అప్పుడు కాండము ముడుచుకొనును. ముడుతలను చూచిన కంటికి దాహమే తోచును. మరికొన్ని నీళ్లు పడును. దప్పికతో ముడిగిన మొక్కయు, నీటిలో మునిగిన మొక్కయు చూపునకు ఒకే తీరున నుండుట ఈ రోగములోని మోసము.

కావున దీనిని కంటితో కాక వ్రేలితో చూడవలెను. వార్తాపత్రికను నాలుగైదు మడతలు పెట్టి, పట్టీవలె చేసి, మొక్క నడుమునకు చుట్టి పట్టుకొన్నచో ముళ్లు గ్రుచ్చుకొనవు. మొదలు గట్టిగానుండి మట్టి పొడిగానున్నచో అది దప్పికయే. నీరు పోసిన కొలది దినములలో కోలుకొనును. మొదలు మెత్తగానుండి, తడిగా, నల్లగా నో గోధుమరంగుగా నో మారి, వాసన వచ్చుచున్నచో అది కుళ్లు. మొదటనే గోధుమరంగు బెరడువలె నేర్పడి, నొక్కినను లొంగక గట్టిగానున్నచో అది రోగమే కాదు; వయస్సు. ముదిరిన కాక్టసునకు బెరడు కట్టుట సహజము. దానిని జబ్బని భ్రమించి ఆరోగ్యమైన మొక్కను కోసివేసినవారును లేకపోలేదు.

నీటిని గూర్చి యింకొక సంగతి కలదు. దానికి సాక్ష్యము తెలుగువారి పెరళ్లలోనే దొరకును. రణపాలను ఎరుగని బడిపిల్లలు తక్కువ. పుస్తకములో దాచిన ఆకు అంచున పిలకలు పుట్టించునది అదే. ఆ ఆకు తెల్లవారుజామున పుల్లగా నుండుననియు, మధ్యాహ్నమునకు ఆ పులుపు పోవుననియు, సాయంకాలమునకు కొంత చేదగుననియు గుర్తించి వ్రాసినవాడు బెంజమిన్ హైనె. ఈస్టిండియా కంపెనీ కొలువులో నుండి, రాక్స్‌బర్గు తరువాత సామర్లకోటలోని కంపెనీ వృక్షశాస్త్రపు తోటను చూచుకొన్న వైద్యుడాయన. ఈ పులుపును గూర్చి ఆయన వ్రాసిన లేఖ లండనులోని లిన్నేయన్ సొసైటీ సంపుటములలో 1815లో అచ్చయినది. కారణము చాల కాలమునకు గాని తేలలేదు. ఇట్టి మొక్కలు రాత్రి చల్లదనములో తమ పత్రరంధ్రములను తెరచి బొగ్గుపులుసు వాయువును గ్రహించి, మాలిక్ ఆమ్లముగా మార్చి దాచుకొనును. పగలు రంధ్రములను మూసికొని, దాచినదానితో సూర్యకాంతి సాయమున ఆహారము వండుకొనును. రాత్రియంతయు పోగుపడిన ఆమ్లమే ఉదయపు పులుపు. కాక్టసు చేయు పనియు ఇదియే. పగటి యెండలో రంధ్రములు మూసికొనియుండుట చేతనే అది కొద్దిపాటి నీటితో నెలలు గడపగలదు. ఏప్రిలు, మే నెలలలో రాత్రులందును వేడి తగ్గనప్పుడు ఆ రంధ్రములు సరిగా తెరచుకొనవు, పెరుగుదల మందగించును. ఎండలు మండుచున్నవి, పాపమని అప్పుడు రెట్టింపుగా పోయు నీరు దానికి ఉపచారము కాదు.

ఈ పాఠమును చెప్పు ఉపాధ్యాయుడు రణపాల ఆకును ఉదయ మొకటి, సాయంకాల మొకటి నలిపించి, ఆ రసమును పి.హెచ్. కాగితముపై పెట్టించినచో చాలును. రంగులలోని భేదము నల్లబల్లపై బొమ్మకంటె నెక్కువ కాలము జ్ఞాపకముండును. నోటితో రుచిచూపుట మాత్రము వలదు. ఆ పని హైనెకే వదలుట మంచిది.

చికిత్సకు పూనుకొనుటకు ముందు మొక్క యే తెగదో తెలియవలెను. జెముడు అను మాట తెలుగున కాక్టసుకంటె ముందే యున్నది. బొమ్మజెముడు, ఆకుజెముడు, కాడజెముడు అని గట్లమీద కంచెలుగా నిలిచినవి పాలు కారు యుఫోర్బియా జాతివి. కాక్టసులు, ఒక్క రిప్సాలిస్ తప్ప, తక్కినవన్నియు పుట్టుకచేత అమెరికా ఖండములవి. ఐరోపా నావలవెంట వచ్చిన ఓపన్షియా పాముపడగలవంటి మట్టలతో కనబడగా, జనము దానిని నాగజెముడని పిలిచి పాత చుట్టరికములో కలుపుకొనిరి. పేరు పెట్టినవారి చూపు చక్కనిదే కాని పోలిక పైపైదే. కాక్టసు ముల్లు ఎప్పుడును ఒక చిన్న నూగుదిండునుండి పుట్టును. యుఫోర్బియాకు ఆ దిండు లేదు. గాటుపడినచో తెల్లని పాలు చిమ్మును. కొన్ని చిన్న కాక్టసులకును పాలుండవచ్చును గాని దిండు గుర్తు తప్పదు. యుఫోర్బియా పాలు కంటబడుట ప్రమాదకరము. పిల్లలచేత కత్తి పట్టించుటకు ముందు ఈ పరీక్ష చేయించని ఉపాధ్యాయుడు పెద్ద పొరబాటు చేసినవాడగును.

ఇక శస్త్రచికిత్స. కుండీని ప్రక్కకు వంచి, మెల్లగా తట్టి మొక్కను వెలికి తీయవలెను, పట్టుకొని లాగకూడదు. తడిమట్టిని రాల్చి వేళ్లను పరిశీలింపవలెను. గట్టిగానున్నవి బ్రతికియున్నవి. నల్లబడి, లాగగనే పైతోలు ఊడివచ్చి నడుమ దారము మాత్రము మిగులునవి చచ్చినవి, వానిని కత్తిరింపవలెను. కుళ్లు వేళ్లతోనే ఆగియున్నచో అదృష్టము. వారముపాటు నీడలో గాలి తగులునట్లు ఆరబెట్టి పొడిమట్టిలో నాటినచో చాలును.

కాండములోనికి ప్రాకినచో కొంత గుండెనిబ్బరము కావలెను. పదునైన కత్తిని స్పిరిటుతో తుడిచి, మెత్తబడిన భాగమునకు పైగా అడ్డముగా కోయవలెను. కోసిన ముఖమున నడుమ వలయముగా నాళములు కనబడును. ఆ వలయములో గోధుమరంగు చుక్క యొక్కటి యున్నను కుళ్లు అంతకంటె పైకి పోయినదని తెలియవలెను. కత్తిని మరల తుడిచి, మరికొంత పైకి కోయవలెను. ముఖమంతయు నిర్మలముగా వచ్చువరకు ఆపకూడదు. దయగలవారు ఇచ్చటనే చెడుదురు. సగము మొక్క పోయినదే, ఇంక చాలునని ఆగుదురు. వదలిన ఆ ఒక్క చుక్కయే కొలది దినములలో మిగిలిన సగమును తినివేయును. కోత పూర్తియైన తరువాత అంచును పెన్సిలు చెక్కినట్లు కొంచెము వాలుగా చెక్కవలెను. ఆరునప్పుడు కోసిన ముఖము లోనికి కుంగును. అంచు చెక్కియున్నచో నడిమి వలయము మట్టికి అందుబాటులో నుండును. కొత్త వేళ్లు పుట్టునది ఆ వలయము నుండియే.

గాయముపై కొందరు గంధకపు పొడి చల్లుదురు, కొందరు దాల్చినచెక్క పొడి. తెలుగు ఇండ్లలో పసుపుడబ్బాయే ముందుగా చేతికి వచ్చును. ఏది చల్లినను అసలు మందు ఎండుటయే. వ్రేలిమందము ముక్కకు వారము, పిడికిలంత దానికి రెండు మూడు వారములు నీడలో ఊరక వదలివేయవలెను. గాయము తోలువలె గట్టిపడును. అన్ని దినములు నీరు లేక మొక్క ఏమగునో యని ఇంటివారు కలత చెందుదురు. నీరు దాని యొడలిలోనే యున్నది. కాండముమీది మడతలు హార్మోనియము తిత్తివలె నీరున్నప్పుడు విప్పుకొనుటకును, లేనప్పుడు ముడుచుకొనుటకును ఏర్పడినవే. పరీక్షలో వ్రాసిన రెండవ వాక్యమునకు అర్థమిది.

మట్టికొరకు అంగడికి పోనక్కరలేదు. సిద్దిపేట చుట్టుపట్ల చెలకలు కలవు. ఎర్ర చెలకమట్టి ఒక పాలు, ముతక ఇసుక గాని జల్లించిన మొరము గాని ఒక పాలు, పగిలిన పెంకుల, ఇటుకల చిన్నముక్కలు సగము పాలు, బాగుగా చివికిన పశువుల యెరువు చారెడు. ఇంతకుమించి వలదు. నల్లరేగడి అసలే కూడదు. అది పట్టిన తడిని వదలదు. కుండీ కుమ్మరివారి చేతి మట్టికుండీయై, అడుగున బెజ్జముండవలెను. మట్టికుండీ గోడలు కూడ తేమను పీల్చి బయటికి విడుచును. అంగడిలో మొక్కతోబాటు వచ్చు రంగు పింగాణి గిన్నెలకు పలుమార్లు బెజ్జమే యుండదు. అట్టి గిన్నెలో జెముడును నాటి, చేయవలసిన పని లేదని చెప్పి అమ్ముట వ్యాపారమునకు లాభమేమో కాని, కొన్నవానికి మోసమే. రాళ్లను జిగురుతో అతికి మట్టిని కప్పివేయుట, పూయని మొక్కకు ఎండిన పూలను అంటించుట కూడ ఈ కోవలోనివే. విద్యార్థి కొనునప్పుడు పువ్వును మెల్లగా కదిపి, కుండీని ఎత్తి అడుగు చూచి కొనవలెను.

నాటిన తరువాత పది పదునైదు దినములు నీరు చూపకూడదు. వేరూనిన పిమ్మట ఎండుపుల్లను మట్టిలో అడుగువరకు దింపి చూచి, పొడిగా వచ్చినప్పుడే బెజ్జమునుండి కారునంతగా ఒక్కసారి పోసి, మరల ఎండువరకు ఊరకుండవలెను. రోజుకొక చెంచా చొప్పున పోయుట కంటె ఇది మేలు. జూను మొదలు సెప్టెంబరు వరకు జల్లు పడని చోటను, డిసెంబరు జనవరులలో దాదాపు నీరే లేకుండను ఉంచవచ్చును.

తక్కిన జబ్బులు ఇంత చిక్కువి కావు. చీకటి గదిలో పెట్టిన మొక్క తల సన్నగిలి, పాలిపోయి, వెలుతురు దిక్కునకు సాగును. సాగిన భాగము మరల లావెక్కదు గాని, క్రమముగా వెలుతురునకు అలవాటు చేసినచో పైపెరుగుదల చక్కబడును. నర్సరీ నీడలో పెరిగిన దానిని తెచ్చిన మరునాడే మేడమీది వేసవి యెండలో పెట్టినచో ఒకప్రక్క తెల్లగా కాలి మచ్చపడును. ఆ మచ్చ మానదు. వారమునకు ఒక గంట చొప్పున ఎండను పెంచవలెను. ఎర్రని, పసుపుపచ్చని తలతో అంగట ఆకర్షించు కాక్టసు ఒక మొక్క కాదు, రెండు. పై తలకు పత్రహరితము లేదు. క్రింది మూడుపలకల పచ్చకాడ వండిపెట్టగా అది తినును. ఆ కాడ జాతి నేడు తెలంగాణ రైతులు రాతిస్తంభములకు ప్రాకించి పండించుచున్న డ్రాగన్ పండు కుటుంబపుదే. ఈ జోడు ఎక్కువ యేండ్లు నడువదు. కాడ కుళ్లినప్పుడు తలను మట్టిలో నాటిన ఎన్నటికిని బ్రతుకదు. మరొక పచ్చకాడపై అంటుకట్టవలెను. ఈ సంగతి తెలియక పిల్లలు చేయు శ్రమ చూచుటకు కష్టముగా నుండును.

ముళ్లసందులలో దూదివలె తెల్లగా పేరుకొను పిండినల్లిని గూర్చి మాత్రము కొంత చెప్పక తప్పదు. స్పిరిటులో ముంచిన దూదిపుల్లతో తుడిచినచో అది పోవును. వేళ్లలో చేరినచో వేళ్లను కడిగి మట్టిని మార్చవలెను. కాని దాని దాయాదికి ఈ దేశచరిత్రలో గొప్ప స్థానము కలదు. పురుగునుండి ఎర్రరంగు తీయవచ్చునని కంపెనీవారికి ఆశ పుట్టినది. మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అను వైద్యుడు ఆ పురుగు మేపుటకే నాగజెముడు తోట వేసెను. 1795లో బ్రెజిలునుండి కలకత్తాకు పురుగు వచ్చెను, మద్రాసుకును చేరెను. వచ్చినది కోరిన పురుగు కాదు, దాని అడవి దాయాది. రంగు నాసిగా నుండెను. కాని అది దేశములో అల్లుకొనియున్న ఒక జాతి నాగజెముడును అనేక ప్రాంతములలో తుడిచిపెట్టెను. రంగు వ్యాపారము తప్పిపోయి, కలుపును పురుగుతో అణచు శాస్త్రమునకు అది తొలి యుదాహరణమయ్యెను. 1926లో అట్టిదే మరియొక పురుగును సింహళమునుండి దక్షిణ భారతమునకు తెలిసియే తెచ్చిరి. పొలములను ఆక్రమించిన ముళ్లపొదలు కొలది సంవత్సరములలోనే చాలవరకు నశించినవి. ఆస్ట్రేలియాలో ఇదే కాలమున అర్జెంటీనా చిమ్మట పిల్లపురుగు నాగజెముడును నిర్మూలించగా, క్వీన్సులాండు రైతులు 1936లో ఆ పురుగు పేరనే ఒక సభామందిరము కట్టుకొనిరి. కిటికీలో కాపాడబూనిన మొక్క ఒకనాడు దేశములకు దేశములే చంపజూచిన మొక్కకు చుట్టమని తెలిసిన విద్యార్థికి, కలుపు అను మాటకును పెంపకము అను మాటకును గల దూరము ఎంతయో ఆలోచించుకొను అవకాశము కలుగును.

ఇంత శ్రమ యేల, మరియొకటి కొనరాదా యని అడుగువారున్నారు. ముళ్లమొక్క ఇంట నుండరాదు, వాస్తునకు విరుద్ధము, చచ్చుటయే మేలు అనువారును ఉన్నారు. రెండవవారితో వాదము పెట్టుకొనుట అనవసరము. గులాబీకిని ముళ్లున్నవి, దానిని ఏ యింటివారును గేటు బయట పెట్టలేదు. మొదటివారి మాటయే ఎక్కువ హాని చేయునది. మరియొకటి కొన్నచో దానిని చంపువిధానము మారదు. అదే చెంబు, అదే చేయి, అదే బెజ్జము లేని గిన్నె.

పాఠశాలలలో మొక్కలు నాటుట పండుగవలె జరుగును. 2015లో హరితహారము ఆరంభమైననాటినుండి గుంతలు త్రవ్వి, వరుసలుగా నిలిచి, నీళ్లు పోసి ఫోటోలు తీయించుకొనని బడి అరుదు. అది మంచిదే. కాని మొక్క జబ్బుపడిన దినమున ఫోటో లేదు, వరుస లేదు, ఆ దినము బడిలో ఎవరికిని పని లేదు. నాటుటకంటె కాపాడుట కష్టమని అందరును ఒప్పుకొందురు. కష్టమైన దానికి మాత్రము పీరియడు ఉండదు.

కావున బడికి ఒక జబ్బుమొక్కను తెప్పించుట మేలు. కొత్తది కొననక్కరలేదు, తరగతిలో నలువదిమంది యున్నచో ఎవరియింటనో ఒకటి తప్పక చచ్చుచుండును. సిలబసు పూర్తి కాలేదను ఉపాధ్యాయుని మొర న్యాయమైనదే. అయితే ఈ పనికి పట్టునది కోయుట కొక అరగంట, నాటుట కొక పావుగంట, తక్కినదంతయు వేచియుండుటయే. ఆ వేచియుండుకాలమున పిల్లలు రోజుకొక బొమ్మ గీయవచ్చును: ముడుతలెన్ని, రంగెట్లు మారినది, గాయపుటంచు ఎంత లోనికి కుంగినది. కాపు రాజయ్య (1925–2012) చిత్రలేఖనోపాధ్యాయుడుగా పనిచేసిన పట్టణములో ఈ మాట కొత్తది కాదు. చుట్టునున్న దానిని చూచి గీయుట అచ్చటి పిల్లలకు వారసత్వముగా వచ్చిన విద్య.

మొక్క బ్రతుకకపోవచ్చును కూడ. కుళ్లు తలలోని పెరుగుమొనవరకు పోయినచో ఏ కత్తియు దానిని కాపాడలేదు. అప్పుడు ఆ సంగతినే నోటుపుస్తకములో తేదీ వేసి వ్రాయింపవలెను: ఏనాడు కోసినది, ఎంతవరకు గోధుమరంగు కనబడినది, ఎన్నవ దినమున పోయినది. పాఠ్యపుస్తకములో అన్ని ప్రయోగములును ఫలించును. ఫలించని దానినొకదానిని పిల్లలు తమ చేతివ్రాతతో వ్రాసికొనుటకు ఇంతకంటె చౌకయైన సాధనము దొరకదు.

సిద్దిపేటలోని ఆ యింట కొడుకు మొక్కను మూడుమార్లు కోసెను. రెండంగుళముల ముక్క మిగిలెను. దానిని పాత పేపరుపై వంటింటి అటకమీద పెట్టి సెలవులయి వెళ్లిపోయెను. దీపావళికి మరల వచ్చి నాటెను. కార్తీకము గడచిన తరువాత ఒక ఆదివారమున వచ్చి, పేపరు పట్టీతో ముక్కను పట్టి మెల్లగా పైకి లాగి చూచెను. అది రాలేదు. క్రిందినుండి ఎవరో పట్టుకొన్నట్లు బిగిసెను.

"వేరు పట్టిందమ్మా."

తల్లి సంతోషముతో వంటింటిలోనికి పోయి చెంబుతో తిరిగివచ్చెను. కొడుకు ఒక అగ్గిపుల్లను మట్టిలో గ్రుచ్చి తీసి ఆమెకు చూపెను. పుల్ల కొనను ఇంకను కొంచెము తడిమట్టి అంటుకొనియున్నది.

"ఇంకో వారమన్నా ఆగుదామమ్మా."

ఆమె చెంబును కిటికీ గట్టుమీద పెట్టి, పుల్లను అడిగి తీసికొని, కుండీ ప్రక్కన దాచెను.